తాళం పడిన పుస్తకం: ఈ-రీడర్ల యాప్ పరిమితులు, గ్రంథపాలకుల మార్గదర్శనం - శంషాబాద్ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పుస్తకాన్ని పాఠకునికి దూరం చేసే అడ్డంకులు కాలాన్నిబట్టి రూపం మార్చుకుంటూ వచ్చాయి. ఇనుపగొలుసు, బీరువా తాళం, ప్రభుత్వ అనుమతి పత్రం గతకాలపు అడ్డంకులు. నేటి ఈ-రీడర్లలోను, ట్యాబ్‌లలోను అవే అడ్డంకులు యాప్ పరిమితులుగా, ఫైలు రూపాలుగా, లైసెన్సు షరతులుగా కనిపిస్తున్నాయి. చదివే పరికరాల తయారీకి, రవాణాకు కేంద్రంగా మారిన శంషాబాద్ విమానాశ్రయ ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని, తెలుగు పాఠకునిపై ఈ పరిమితుల ప్రభావాన్ని చారిత్రకంగా పరిశీలించడం, పౌరగ్రంథాలయాలలో పాఠకులకు ఇవ్వదగిన మార్గదర్శనాన్ని నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఈ-రీడర్, యాప్ పరిమితులు, డిజిటల్ హక్కుల నిర్వహణ, గ్రంథాలయోద్యమం, ఆకాశ్ ట్యాబ్, శంషాబాద్, సంప్రదింపు సేవ.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్‌కు దక్షిణాన బెంగళూరు జాతీయ రహదారిపై ఉన్న శంషాబాద్ 2008 మార్చి వరకు రంగారెడ్డి జిల్లాలోని ఒక మండలకేంద్రంగానే ఎక్కువమందికి తెలుసు. ఆ నెల 23న రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో వాణిజ్య సేవలు మొదలై, బేగంపేట విమానాశ్రయం నుంచి ప్రయాణికుల రాకపోకలు ఇక్కడికి మారాయి. దాదాపు 5,500 ఎకరాల విమానాశ్రయ భూమి చుట్టూ గోదాములు, ప్రత్యేక ఆర్థికమండలాలు, కర్మాగారాలు ఏర్పడ్డాయి. 2017లో అమెజాన్ సంస్థ ఇక్కడ సుమారు 4 లక్షల చదరపు అడుగుల గోదామును నెలకొల్పింది. 2023 జనవరిలో అదే సంస్థ తన సరుకు రవాణా విమానసేవను భారతదేశంలో ప్రారంభించినప్పుడు ఆ కార్యక్రమానికి వేదిక కూడా ఈ విమానాశ్రయమే.

ఈ పరిణామాన్ని వాణిజ్యచరిత్రగానే చూడడం పరిపాటి. దీనికి పఠనచరిత్రలో కూడా చోటుంది. తెలుగు అచ్చు పుస్తకాలను ఇంటింటికి చేర్చే సంస్థే కిండిల్ అనే ఈ-రీడర్‌ను కూడా అమ్ముతుంది. 2012 ఆగస్టులో కిండిల్ భారతీయ విపణిలోకి వచ్చింది. 2016 డిసెంబరులో కిండిల్‌పై భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెడుతున్నట్లు ప్రకటన వెలువడింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఆ ప్రకటనలో ఉన్న ఐదు భాషలు. తెలుగు వాటిలో లేదు. 2019 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆ సంస్థ తన అతిపెద్ద కార్యాలయ ప్రాంగణాన్ని ప్రారంభించింది. తెలుగునేలపై ఇంత విస్తృతంగా స్థిరపడిన సంస్థ పఠనపరికరంలో తెలుగుకు తొలివిడతలో చోటు దక్కకపోవడం పరిశోధకులు గమనించవలసిన విషయం.

ఈ నేపథ్యంలో మూడు ప్రశ్నలు తలెత్తుతాయి. పఠనపరికరంలో పుస్తకానికి పడే తాళాలు ఎన్ని రకాలు? వాటికీ, తెలుగు గ్రంథాలయోద్యమం ఎదుర్కొన్న పూర్వపు నిర్బంధాలకూ పోలిక ఎంత, భేదం ఎంత? గ్రంథాలయానికి పరికరం చేతపట్టుకొని వచ్చిన పాఠకునికి గ్రంథపాలకులు ఏమని చెప్పగలరు?

2. నిర్బంధాల పూర్వచరిత్ర

2.1. గొలుసు, బీరువా

మధ్యయుగ ఐరోపాలో గ్రంథాలను ఇనుపగొలుసులతో అరలకు బంధించి ఉంచేవారు. ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్ కెథడ్రల్‌లో అటువంటి గ్రంథాలయం నేటికీ నిలిచి ఉంది. చేతిరాత ప్రతి అరుదైనది, ఖరీదైనది కావడం ఇందుకు కారణం. చదవడానికి అనుమతి ఉన్నా తీసుకువెళ్ళడానికి అనుమతి లేదు. అచ్చుపుస్తకం చౌక అయ్యాక గొలుసు పోయింది, కాని పుస్తకాన్ని భద్రపరచడమే గ్రంథాలయం పని అనే భావన అంత త్వరగా పోలేదు. పుస్తకం ఉన్నది ఉపయోగానికేనన్న సూత్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన తన పంచసూత్రాలలో మొదటిస్థానం ఇవ్వవలసి వచ్చిందంటే, అప్పటికి బీరువా తాళం ఎంత బలంగా ఉండేదో ఊహించవచ్చు.

2.2. నిజాం రాష్ట్రంలో అనుమతి

హైదరాబాద్ సంస్థానంలో తెలుగు గ్రంథాలయం ఎదుర్కొన్న అడ్డంకి వేరు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం ఏర్పడింది. రావిచెట్టు రంగారావు, కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు దీని స్థాపనకు పూనుకొన్నవారిలో ముఖ్యులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలసింది. 1906లో విజ్ఞానచంద్రికా మండలి హైదరాబాద్‌లోనే ప్రారంభమై చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను తెలుగులో ప్రచురించే పనికి పూనుకొంది. అంటే పుస్తకం లేని లోటును, పుస్తకం చదివే చోటు లేని లోటును ఇంచుమించు ఒకే వ్యక్తులు ఒకే కాలంలో గుర్తించారు.

1921లో ఏర్పడిన ఆంధ్రజన సంఘం గ్రంథాలయాలు, పఠనమందిరాలు నెలకొల్పడాన్ని తన ఆశయాలలో చేర్చుకొంది. రాజకీయసభలకు తావులేని సంస్థానంలో గ్రంథాలయమే ప్రజలు కలుసుకొనే వేదిక అయింది. ముందస్తు అనుమతి లేనిదే సభ జరపరాదన్న 'గస్తీ నిశాన్ 53' ఉత్తర్వు ఈ కార్యకలాపాలపై నీడలా పరచుకొంది. మాడపాటి హనుమంతరావు 'తెలంగాణా ఆంధ్రోద్యమము' ఆ కాలపు కార్యకర్తల ప్రయాసలను నమోదు చేసిన గ్రంథం.

ఈ నిర్బంధానికి ఒక లక్షణం ఉంది. అది ఉత్తర్వు రూపంలో, సంఖ్యతో, జారీచేసిన అధికారి పేరుతో ఉండేది. దానిని చదవవచ్చు, ప్రశ్నించవచ్చు, వినతిపత్రం ఇవ్వవచ్చు, పత్రికలో ఖండించవచ్చు. 1926లో ప్రారంభమైన గోలకొండ పత్రిక వంటివి ప్రజాసమస్యలపై ఆ పని చేశాయి. కనిపించే తాళంతో పోరాడడానికి కనిపించే మార్గం ఉండేది.

2.3. పాఠకుని దగ్గరకు పుస్తకం

కోస్తాంధ్రలో ఉద్యమం మరొక దిశలో సాగింది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి సారథి. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం ప్రారంభమైంది. 1935లో పాతూరి నాగభూషణం ఆధ్వర్యంలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పుస్తకాల పడవ నడిచింది. రేవు రేవున ఆగి పుస్తకాలు ఇచ్చి, తిరుగు ప్రయాణంలో తీసుకొనే ఆ ఏర్పాటులో పుస్తకమే పాఠకుని వద్దకు కదిలి వెళ్ళింది. అంతకన్నా ముఖ్యంగా, పుస్తకంతోపాటు ఒక మనిషి కూడా వెళ్ళాడు. చదవడం రానివారికి చదివి వినిపించడం, ఏది చదవాలో చెప్పడం ఈ ఉద్యమ కార్యకర్తల నిత్యకృత్యాలు. నేటి పరిభాషలో 'సంప్రదింపు సేవ' అని వ్యవహరించే పనికి తెలుగునాట ఇది పూర్వరూపం.

ఈ కృషి కాలక్రమంలో చట్టరూపం పొందింది. 1948 నాటి మద్రాసు పౌరగ్రంథాలయాల చట్టం, 1955 నాటి హైదరాబాద్ పౌరగ్రంథాలయాల చట్టం తరువాత, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయాల చట్టం వచ్చింది. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసే పద్ధతి ఈ చట్టం ద్వారా స్థిరపడింది. కాబట్టి పాఠకునికి గ్రంథాలయంలో లభించే సలహా దయతో ఇచ్చేది కాదు, అతడు పన్ను చెల్లించి సంపాదించుకొన్న సేవ.

3. శంషాబాద్, ఆకాశ్: చౌక ట్యాబ్ చెప్పిన పాఠం

2011 అక్టోబరు 5న కేంద్రప్రభుత్వం 'ఆకాశ్' ట్యాబ్‌ను విడుదల చేసింది. డేటావిండ్ సంస్థ సరఫరా చేసిన ఈ పరికరాన్ని హైదరాబాద్‌లో కూర్చారు. ప్రభుత్వం ఒక్కొక్క దానికి చెల్లించిన ధర సుమారు 2,276 రూపాయలు. 7 అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల మెమరీ, ఆండ్రాయిడ్ 2.2 దీని ప్రధానాంశాలు. మరుసటి సంవత్సరం నవంబరులో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతులమీదుగా ఆకాశ్-2 విడుదలైంది. 2016లో డేటావిండ్ శంషాబాద్ విమానాశ్రయ ప్రాంతంలో ట్యాబ్‌లు, ఫోన్ల తయారీకర్మాగారం నెలకొల్పడంతో, చౌక పఠనపరికరం చరిత్రలోకి శంషాబాద్ పేరు చేరింది.

ఆకాశ్ వైఫల్యానికి సాధారణంగా చెప్పే కారణాలు నెమ్మదైన ప్రాసెసర్, మొండికేసే స్పర్శతెర. పఠనచరిత్ర దృష్టితో చూస్తే మరి రెండు కారణాలు ప్రధానమైనవి. మొదటిది, ఇందులో గూగుల్ వారి ఆండ్రాయిడ్ మార్కెట్ లేదు. దానికి బదులు గెట్‌జార్ అనే మరో యాప్ అంగడి ఉండేది. ఆండ్రాయిడ్ పరికరం అని తెలిసి కొన్న విద్యార్థికి ఆండ్రాయిడ్ యాప్‌లన్నీ దొరకలేదు. పరికరం పేరు ఒకటి, అది తెరిచే ద్వారం మరొకటి. రెండవది, ఆండ్రాయిడ్ తొలి కూర్పులలో తెలుగు లిపిని ప్రదర్శించే వ్యవస్థ లేదు. యూనికోడ్‌లో 1991 నాటికే తెలుగుకు స్థానం లభించినా, ఫాంటు, ఒత్తులను గుణింతాలను సక్రమంగా కూర్చే యంత్రాంగం పరికరంలో లేకపోతే తెరపై ఖాళీ గడులు మాత్రమే కనిపిస్తాయి. హైదరాబాద్‌లో కూర్చిన ట్యాబ్‌కు తెలుగు చదవడం రాలేదు.

ఆకాశ్ అనుభవం చెప్పే పాఠం స్పష్టం. ధర తగ్గించినంత మాత్రాన పుస్తకం పాఠకుని చేతికి రాదు. పరికరానికి, పుస్తకానికి మధ్య ఉన్న అంచెలలో ఏ ఒక్కటి మూసుకుపోయినా పఠనం ఆగిపోతుంది.

4. నాలుగు తాళాలు

తెలుగు పాఠకునికి నేడు ఎదురయ్యే పరిమితులను నాలుగు వర్గాలుగా విభజించవచ్చు.

4.1. లిపి తాళం

తెలుగు ప్రచురణరంగం దశాబ్దాలపాటు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్ల వంటి యూనికోడేతర అక్షరాలతో పనిచేసింది. ఆ ఫైళ్ళలోని అక్షరం చూపుకు తెలుగే అయినా, కంప్యూటర్ దృష్టిలో అది రోమన్ సంకేతాల వరుస. అందువల్ల పాత పుస్తకాన్ని ఈ-పుస్తకంగా మార్చాలంటే లిపిని మార్చి, తప్పులు దిద్ది, మళ్ళీ కూర్చాలి. ఈ శ్రమకు, ఖర్చుకు వెనుకాడిన ప్రచురణకర్తలు పేజీ బొమ్మలను పోలిన పీడీఎఫ్‌తో సరిపెట్టుకొన్నారు. అక్షరం పరిమాణం పెంచితే వాక్యం సర్దుకొనే ఈపబ్ రూపం తెలుగులో తక్కువగా లభించడానికి ఇదొక ముఖ్యకారణం. కిండిల్‌లో తెలుగుకు చోటులేకపోవడం సంస్థ నిర్ణయమే అయినా, సిద్ధంగా ఉన్న యూనికోడ్ పాఠం కొరతను కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి.

4.2. రూప తాళం

2010లో హైదరాబాద్ కేంద్రంగా ప్రారంభమైన 'కినిగె' తెలుగు ఈ-పుస్తకాల విక్రయంలో ముందడుగు వేసింది. పుస్తకాన్ని కొనడమే కాక నిర్ణీతకాలానికి అద్దెకు తీసుకొనే వీలు కూడా అందులో ఉండేది. రక్షిత పుస్తకాలను తెరవడానికి అడోబ్ డిజిటల్ ఎడిషన్స్ లేదా ఆ రక్షణను గుర్తించే మరొక యాప్ అవసరం. కిండిల్ ఈ-రీడర్ అడోబ్ రక్షణను గుర్తించదు, అందులో బయటి యాప్‌ను స్థాపించే వీలు లేదు. కాబట్టి తెలుగు పుస్తకాన్ని న్యాయంగా కొన్న పాఠకుడు, న్యాయంగా కొన్న పరికరంలో దానిని చదవలేని పరిస్థితి ఏర్పడింది. 2022లో అమెజాన్ తన 'సెండ్ టు కిండిల్' సేవలో ఈపబ్ ఫైళ్ళను స్వీకరించడం మొదలుపెట్టినా, అది రక్షణ లేని ఫైళ్ళకే వర్తిస్తుంది.

4.3. అంగడి తాళం

యాప్ ఎక్కడినుంచి వస్తుందన్నది మరో పరిమితి. అమెజాన్ ఫైర్ ట్యాబ్‌లు ఆండ్రాయిడ్ ఆధారంగా తయారైనవే అయినా వాటిలో గూగుల్ ప్లే ఉండదు. అమెజాన్ సొంత అంగడిలో ఉన్న యాప్‌లే సులువుగా లభిస్తాయి. ఈ-ఇంక్ తెర గల కిండిల్‌లో ఆ సౌకర్యం కూడా లేదు. అదే ఈ-ఇంక్ తెరతో ఆండ్రాయిడ్ వ్యవస్థపై నడిచే పరికరాలలో యాప్‌లు స్థాపించుకోవచ్చు. చూపుకు ఒకేలా ఉండే ఈ పరికరాల మధ్యభేదం కొనేముందు పాఠకునికి తెలియదు. 2018 జూన్‌లో జాతికి అంకితమైన, ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయానికి ఫోన్ యాప్ ఉంది. కిండిల్ కొన్న విద్యార్థికి ఆ యాప్ అందదు.

4.4. హక్కు తాళం

అచ్చుపుస్తకం కొన్నవారు దానిని ఎరువివ్వవచ్చు, అమ్మవచ్చు, గ్రంథాలయానికి దానమివ్వవచ్చు. ఈ-పుస్తకం విషయంలో కొనుగోలుదారు పొందేది చాలావరకు చదువుకొనే లైసెన్సు మాత్రమే. 2009 జూలైలో జార్జ్ ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫార్మ్' నవలల ప్రతులను, అమ్మినవారికి వాటిపై హక్కులేదన్న కారణంతో, అమెజాన్ పాఠకుల కిండిల్‌ల నుంచి దూరం నుంచే తొలగించింది. సొమ్ము తిరిగి ఇచ్చింది, ఆపై క్షమాపణ చెప్పింది. కొన్న పుస్తకం ఇంటి అరలో నుంచి రాత్రికి రాత్రి మాయం కావచ్చునన్న సంగతి లోకానికి అప్పుడు తెలిసింది. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాలను కంప్యూటర్‌లోకి దించుకొని యూఎస్‌బీ తీగద్వారా కిండిల్‌లోకి పంపే సౌకర్యాన్ని కూడా ఆ సంస్థ నిలిపివేసింది.

గ్రంథాలయాలకు ఈ తాళం మరింత బిగువైనది. 2011లో హార్పర్‌కాలిన్స్ అమెరికా గ్రంథాలయాలకు అమ్మిన ఒక్కొక్క ఈ-పుస్తక లైసెన్సును 26 ఎరువులకు పరిమితం చేసింది. 2019 నవంబరులో మాక్మిలన్ కొత్త ఈ-పుస్తకాలపై గ్రంథాలయాలకు ఎనిమిది వారాల ఆంక్ష విధించి, విమర్శల నడుమ 2020 మార్చిలో ఉపసంహరించుకొంది. గ్రంథాలయ ఈ-పుస్తకాలను కిండిల్‌లో చదివే ఏర్పాటు 2011లో మొదలైంది కాని, అది అమెరికా గ్రంథాలయాలకే పరిమితం. విదేశాలలోని బంధువుల ద్వారా ఈ సౌకర్యం గురించి విన్న తెలుగు పాఠకుడు, ఇక్కడి శాఖా గ్రంథాలయంలో దానిని ఆశించి భంగపడడం సహజం.

5. ప్రభుత్వమే వేసిన తాళం

యాప్ పరిమితి ప్రతిసారీ వాణిజ్యప్రయోజనం కోసమే ఉండదు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. మొత్తం 5,18,740 ట్యాబ్‌లలో 4,59,564 విద్యార్థులకు, 59,176 ఉపాధ్యాయులకు ఉద్దేశించినవి. వీటిలో బైజూస్ పాఠ్యాంశాలను ముందే నింపారు. చదువుకు సంబంధం లేని అంశాలు తెరుచుకోకుండా భద్రతా తంత్రాంశాన్ని అమర్చారు.

పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల చేతికిచ్చే పరికరానికి కొంత నియంత్రణ అవసరమేనన్న వాదనను తోసిపుచ్చలేం. అయితే ఏది చదువుకు సంబంధించినది, ఏది కానిది అన్న నిర్ణయం ఎవరిది? పాఠశాల గ్రంథాలయంలో ఉపాధ్యాయుడు ఈ నిర్ణయాన్ని పిల్లవాణ్ణి చూసి తీసుకొంటాడు. ట్యాబ్‌లో ఆ నిర్ణయం అనుమతించిన యాప్‌ల జాబితాగా ముందే గడ్డకట్టి ఉంటుంది. బాలసాహిత్యం, నిఘంటువు, పాత పత్రికల భాండాగారం ఆ జాబితాలో లేకపోతే, వాటిని ఎవరూ నిషేధించకుండానే అవి అందకుండా పోతాయి. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియకు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ అనుమతించింది. పాఠ్యాంశం ఒక సంస్థ యాప్‌తో ముడిపడినప్పుడు, ఆ సంస్థ భవిష్యత్తుతో విద్యార్థి చదువు కూడా ముడిపడుతుందని ఈ పరిణామం హెచ్చరిస్తుంది. సంస్థ మూతపడినా అచ్చుపుస్తకం చదవడానికి పనికివస్తుంది.

6. చట్టం కల్పించిన అవకాశాలు

భారత కాపీరైట్ చట్టం, 1957 ఈ సందర్భంలో పూర్తిగా మౌనంగా లేదు. 2012 సవరణ 65ఎ సెక్షన్‌ను చేర్చింది. దానిప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాటును ఛేదించడం నేరం. దీనికి రెండేళ్ళవరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. ఉద్దేశాన్ని పరిగణించడం, చట్టం నిషేధించని ప్రయోజనాలకు మినహాయింపు ఇవ్వడం ఈ సెక్షన్ విశేషాలు. అదే సవరణ ఫలితంగా, లాభాపేక్షలేని పౌరగ్రంథాలయం తనవద్ద ముద్రిత ప్రతి ఉన్న గ్రంథాన్ని పరిరక్షణకోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వచేసుకోవచ్చునని 52వ సెక్షన్‌లో స్పష్టత వచ్చింది. వికలాంగులకు అందుబాటు రూపాలను తయారుచేసే వెసులుబాటు కూడా ఇందులో ఉంది. దృష్టిలోపం గలవారి పఠనహక్కుకు సంబంధించిన మరకేశ్ ఒడంబడికను 2014లో అన్నిదేశాలకంటే ముందు ధ్రువీకరించినది భారతదేశమే.

రచయిత మరణానంతరం 60 సంవత్సరాలు గడిచిన రచనలు ప్రజలందరి సొత్తు. ఈ దృష్టితో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాధాన్యం గొప్పది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్‌రెడ్డి ప్రేరణతో సాగిన పదిలక్షల పుస్తకాల ప్రణాళికలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ స్కానింగ్ కేంద్రంగా పనిచేసింది. వేలాది తెలుగు గ్రంథాలు ఈ కృషి వల్ల బొమ్మల రూపంలో భద్రమయ్యాయి. తరువాత వాటిలో అనేకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరాయి. ఈ పీడీఎఫ్‌లకు హక్కు తాళం లేదు, రూప తాళం లేదు. ఆరు అంగుళాల తెరపై అక్షరం చీమతలంత కనిపించడమే వీటితో చిక్కు. ఈ చిక్కుకు పరిష్కారం తెలుగు వికీసోర్స్ వంటి వేదికలలో స్వచ్ఛందసేవకులు చేస్తున్న పాఠీకరణలో ఉంది.

మరోవైపు 1954 నాటి పుస్తక ప్రదాన చట్టం ముద్రిత పుస్తకాన్ని దృష్టిలో పెట్టుకొని రూపొందినది. అచ్చయిన పుస్తకం కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు చేరాలని అది నిర్దేశించింది. కేవలం ఈ-పుస్తకంగా వెలువడే తెలుగు రచనకు ఇటువంటి శాశ్వతస్థానం కల్పించే ఏర్పాటు బలపడకపోతే, రేపటి సాహిత్య చరిత్రకారునికి ఈనాటి రచనలు ఆధారాలుగా మిగలవు.

7. గ్రంథపాలకుల మార్గదర్శనం

పరికరం చేతపట్టుకొని వచ్చిన పాఠకుడు సాధారణంగా అడిగేది ఒకే ప్రశ్న: 'ఇందులో తెలుగు పుస్తకం ఎందుకు రావడంలేదు?' ఈ ప్రశ్నకు సాంకేతిక నిపుణుడు పరికరం వైపునుంచి, విక్రేత తన అంగడి వైపునుంచి జవాబు చెబుతారు. పాఠకుని వైపునుంచి చెప్పవలసినది గ్రంథపాలకుడే. పై వర్గీకరణ ఆధారంగా ఈ క్రమాన్ని సూచించవచ్చు.

మొదట, పాఠకునికి కావలసిన పుస్తకం ఏదో తెలుసుకోవాలి. పరికరం గురించిన చర్చ తరువాతిది. ఆ పుస్తకం గ్రంథాలయ అరలోనే ఉంటే సమస్య అక్కడితో తీరుతుంది.

రెండవది, ఆ పుస్తకం హక్కుల స్థితిని పరిశీలించాలి. కాపీరైట్ ముగిసిన గ్రంథమైతే స్వేచ్ఛాభాండాగారాలను చూపాలి. హక్కులున్న గ్రంథమైతే అది ఏ విక్రేతవద్ద, ఏ రూపంలో లభిస్తుందో చెప్పాలి.

మూడవది, పరికరాన్ని గుర్తించాలి. బయటి యాప్‌లను స్వీకరిస్తుందా, స్వీకరిస్తే ఏ అంగడి నుంచి, తెర ఎన్ని అంగుళాలు, తెలుగు ఒత్తులు సరిగా కనిపిస్తున్నాయా అన్న నాలుగు అంశాలు చాలు. ఒక తెలుగు వాక్యం గల ఫైలును గ్రంథాలయంలో సిద్ధంగా ఉంచుకొంటే ఆఖరి అంశాన్ని నిమిషంలో తేల్చవచ్చు.

నాలుగవది, ఏ తాళం అడ్డుపడిందో పాఠకునికి పేరుపెట్టి చెప్పాలి. లిపి తాళమైతే మరొక యాప్ లేదా పరికరం ఉపయోగపడుతుంది. రూప తాళమైతే, రక్షణ లేని ఫైలును మార్చుకోవచ్చు. అంగడి తాళమైతే, పాఠకుని ఫోన్ ప్రత్యామ్నాయం కావచ్చు. హక్కు తాళమైతే, దానిని ఛేదించే మార్గం చూపడం గ్రంథపాలకుని పని కాదు. అచ్చుప్రతిని తెప్పించడం, ప్రచురణకర్తకు పాఠకుని అవసరాన్ని తెలియజేయడం అతని పని.

ఐదవది, పరికరం కొనబోయే పాఠకునికి ముందుగానే సలహా ఇవ్వాలి. తెలుగు పుస్తకాలు, పీడీఎఫ్‌లు ఎక్కువగా చదివే పరిశోధక విద్యార్థికి, ఆంగ్లనవలలు మాత్రమే చదివే పాఠకునికి ఒకే పరికరం సరిపోదు. ఏ సంస్థనూ సిఫారసు చేయకుండా గుణదోషాలను వివరించడం పౌరగ్రంథాలయ ధర్మం.

ఆరవది, పాఠకుల ప్రశ్నలను నమోదు చేయాలి. తెలుగు ఈ-పుస్తకానికి గిరాకీ లేదన్న వాదనకు జవాబు ఇవ్వగలిగే ఆధారం గ్రంథాలయ రిజిస్టరులోనే తయారవుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. తెలుగు పాఠకుని ఎదుట నేడు లిపి, రూపం, అంగడి, హక్కు అనే నాలుగు తాళాలు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి తెరిచినా మిగిలినవి మూసి ఉంటే పఠనం సాధ్యపడదు. ఆకాశ్ ట్యాబ్ చరిత్ర ఇందుకు నిదర్శనం.

2. నిజాం కాలపు నిర్బంధం ఉత్తర్వు రూపంలో కనిపించేది. నేటి పరిమితి పరికరం స్వభావంలా తోస్తుంది కనుక పాఠకుడు దానిని నిర్బంధంగా గుర్తించడు. తనకు వాడడం చేతకాలేదని భావించి చదవడం మానుకొంటాడు. ఇది పూర్వపు నిర్బంధంకంటే ప్రమాదకరం.

3. శంషాబాద్ ప్రాంతం పఠనపరికరాలకు ప్రవేశద్వారం అయినంత మాత్రాన తెలుగు పఠనానికి ప్రవేశద్వారం కాలేదు. సమీపత వేరు, అందుబాటు వేరు.

4. యూనికోడ్ పాఠాన్ని పెంపొందించడం, ఈ-పుస్తకాలకు ప్రదాన వ్యవస్థ కల్పించడం, పాఠశాల ట్యాబ్‌లలో తెలుగు భాండాగారాలకు చోటివ్వడం తక్షణ అవసరాలు. ఇవి భాషాశాఖలు, గ్రంథాలయ సంస్థలు కలిసి చేయవలసిన పనులు.

5. గ్రంథపాలకుని సంప్రదింపు సేవలో పరికరపరిజ్ఞానం భాగం కావాలి. గ్రంథాలయశాస్త్ర పాఠ్యప్రణాళికలో తెలుగు ఈ-పుస్తకానికి ప్రత్యేకంగా ఒక పాఠం ఉండాలి.

కొల్లూరు కాలువలో పడవ నడిచిన రోజులలో రేవుకు వచ్చిన పాఠకునికి పుస్తకంతోపాటు దానిని గురించి చెప్పే మనిషి కూడా దొరికేవాడు. నేడు పుస్తకం విమానంలో వస్తున్నది, గాలిలో కూడా వస్తున్నది. దానితో రానిది ఆ మనిషే. ఆ లోటును తీర్చగల వ్యవస్థ రూపాయికి 8 పైసల పన్నుతో ఊరూరా ఇప్పటికే ఉంది. దానిని ఈ పనికి సన్నద్ధం చేయడమే మిగిలింది.